ఇడ్లీ కాదు, ఐడ్లీ

(ఆదివారం చాంగీ బిజినెస్ పార్కులో మనవాళ్లతో మాట్లాడిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్లు అడిగారని గ్రూపులో పెడుతున్నాం.)

సెలవు రోజు నిద్ర మానుకుని వచ్చారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఇవాళ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. ఐ, డి, ఎల్, వై.

ఈ నాలుగక్షరాలు చూడగానే మీకు సాంబారు గుర్తొస్తే తప్పేం కాదు. లిటిల్ ఇండియా హోటళ్ల బోర్డుల మీద మన టిఫినును అలా రాసినవి చాలానే ఉంటాయి. ఇంగ్లీషు నిఘంటువుల్లో మాత్రం టిఫినుకు చివర 'ఐ' వస్తుంది. 'వై' వస్తే అది వేరే మాట, పలకడం కూడా వేరు: ఐడ్లీ. 'ఐడిల్' అనే మాట నుంచి పుట్టింది. ఐడిల్ అంటే పాత ఇంగ్లీషులో 'ఖాళీ' అని అర్థం. మనం "ఖాళీగా కూర్చున్నాడు" అనమూ? వాళ్లదీ అదే దారి.

వ్యాన్ నడిపేవాళ్లకు ఈ మాట ముందే తెలుసు. బండి ఆపి ఇంజన్ ఆన్‌లో ఉంచితే దాన్ని 'ఐడ్లింగ్' అంటారు, ఇక్కడ దానికి జరిమానా కూడా ఉంది. ఇంజన్‌ను అంటే ఇంజన్‌కేం బాధ? మనిషిని అంటేనే చిక్కు.

"ఐడ్లీ కిటికీలోంచి చూశాను" అంటే ఊరికే, ఏ ఉద్దేశమూ లేకుండా చూశానని. అందులో తప్పు లేదు. "స్టాండ్ ఐడ్లీ బై" అంటే పక్కవాడికి ఆపద వస్తే చేతులు కట్టుకుని చోద్యం చూడటం. అది నింద. "సిట్టింగ్ ఐడ్లీ" అంటే పనీపాటా లేకుండా కూర్చున్నాడని. ఇదీ నిందే, కాకపోతే మర్యాదగా వినిపిస్తుంది. మన 'ఊరికే' దీనికి దగ్గరి మాటే కానీ పూర్తిగా సరిపోదు. "ఊరికే ఇచ్చాడు" అంటే డబ్బు తీసుకోకుండా అని కదా, అక్కడ ఐడ్లీ పనికిరాదు.

ఇంతకీ ఈ మాట ఎందుకు ఎత్తుకున్నానంటే, ఒక తమ్ముడు ఫోన్‌లో ఒక కాగితం చూపించాడు. వార్నింగ్ లెటర్. "ఫౌండ్ సిట్టింగ్ ఐడ్లీ" అని ఉంది, కింద అతని సంతకం. "కూర్చున్నమాట నిజమే కదా అన్నా, అందుకే పెట్టా" అన్నాడు. సామాన్లు రాలేదు, సూపర్‌వైజర్ ఆగమన్నాడు, నీడలో కూర్చున్నాడు. దాన్ని ఇంగ్లీషులో 'వెయిటింగ్ ఫర్ మెటీరియల్' అంటారు. కూర్చోవడం రెండింటిలోనూ ఒకటే. కానీ ఒక మాటలో తప్పు మనిషిది, ఇంకో మాటలో ఎవరిదీ కాదు.

ఎండలో పని చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. ఎండ, ఉక్క, గాలి కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ అనే లెక్క ఉంది. అది 32 డిగ్రీలు దాటితే, బయట బరువు పని చేసేవాళ్లకు గంటకు కనీసం 10 నిమిషాల విశ్రాంతి ఇవ్వాలని 2023 అక్టోబరులో మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్ చెప్పింది. ఆ పది నిమిషాల పేరు 'రెస్ట్ బ్రేక్'. ఐడ్లీ కాదు.

జీతం సంగతి. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు సైట్లో పని ఉన్నా లేకపోయినా ఫిక్స్‌డ్ మంత్లీ శాలరీ ఇచ్చి తీరాలి. అది రూలు. ఓటీ డబ్బులు దీనిలోకి రావు. జీతం లేని సెలవు పెట్టి ఊరెళ్తే, పనికి రాకపోతే ఆ లెక్కలు వేరే. కానీ మీరు వచ్చి, పని ఇవ్వక కూర్చోబెడితే, "ఐడిల్ డేస్" అని కోయడానికి లేదు. చాలామంది "పని చెయ్యలేదు, ఎట్లా అడుగుతాం" అని మొహమాటపడతారు. మొహమాటం దేనికండీ? పని ఇవ్వడం వాళ్ల వంతు.

మరి కాగితం ముందు పెడితే ఏం చేయాలి? చదివించుకోకుండా సంతకం వద్దు. తప్పదంటే సంతకం పక్కనే "రిసీవ్డ్, నాట్ అగ్రీడ్" అని రాయండి. అంటే అందింది, ఒప్పుకోవడం లేదు అని. కింద అసలు కారణం, తేదీ, టైము, ఆగమన్నది ఎవరో రాసి ఫోటో తీసుకోండి. తెలుగులో రాసినా ఫరవాలేదు, ఖాళీగా వదలొద్దు. తప్పు చేశావని పనిలోంచి తీసేయాలంటే ముందు విచారణ జరపాలని ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ అంటుంది. ఆ విచారణలో మీ మాటకు బలం ఈ ఫోటోయే.

జీతం కోస్తే టీఏడీఎంలో ఫిర్యాదు చేయొచ్చు. ఉద్యోగంలో ఉంటే కోసిన నాటి నుంచి ఏడాది లోపు, మానేస్తే చివరి రోజు నుంచి ఆరు నెలల లోపు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే మైగ్రంట్ వర్కర్స్ సెంటర్ నంబరు 6536 2692, రాత్రయినా ఎత్తుతారు.

వచ్చే ఆదివారం 'డిడక్షన్' అనే మాట చూద్దాం. పే స్లిప్పులు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లు ఎందుకు లేవో అడిగి రండి. ఇడ్లీలు మాత్రం మేమే తెస్తాం.