హంసలదీవికి శని, ఆదివారాల ప్రయాణం
(పూర్వ విద్యార్థుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పది నిమిషాలిచ్చి స్కూలు జ్ఞాపకాలు చెప్పమన్నారు. అవి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఒక ప్రయాణం సంగతి చెబుతాను. జరిగింది కాదు, జరగాల్సింది. వచ్చే సంక్రాంతి వెళ్ళాక మా 1976 పదో తరగతి బ్యాచి ఒక శనివారం బయల్దేరి హంసలదీవి వెళ్ళి ఆదివారం తిరిగి రావాలని అనుకుంటున్నాం. వందో నూటపదో కిలోమీటర్లకు ఇంత ఉపోద్ఘాతమా అని నవ్వకండి. నాలుగేళ్ళ కిందట ఉపోద్ఘాతం లేకుండానే వెళ్ళాం. ఆ కథ ముందు వినండి.

పొద్దున అయిదింటికి అనుకున్నది తొమ్మిదింటికి కదిలింది. ఉయ్యూరులో టిఫిన్లు, కూచిపూడిలో ఫొటోలు, మోపిదేవి గుళ్ళో క్యూ. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి చూసుకుని పాలకాయతిప్ప చేరేసరికి మూడు దాటింది. ఇంకొంచెం ముందుకు పోనివ్వమని మాలోనే ఒక రిటైర్డు ఇంజనీరు డ్రైవరుకు సలహా ఇచ్చాడు. రోడ్డు దిగిన వ్యాను వెనక చక్రాలు ఇసకలో సగానికి దిగిపోయాయి. పోటు మొదలైంది. ఆడవాళ్ళకు బాత్రూం లేదు. తెచ్చుకున్న నీళ్ళు మోపిదేవిలోనే అయిపోయాయి. మా ఆవిడకు షుగరు పడిపోయి చెమటలు పట్టాయి. ఆ పక్క పల్లె నుంచి ఒక కుర్రాడు ట్రాక్టరు తెచ్చి లాగాడు. డబ్బు తీసుకోలేదు. "ఈసారి పొద్దున్నే రండి బాబాయ్, సముద్రం కూడా బాగుంటుంది" అన్నాడు. నిజానికి మేము సముద్రాన్ని సరిగా చూడనే లేదు.

ఇక రెండో కథ. మా బ్యాచిలో దివిసీమ వాడు ఒకడున్నాడు. హాస్టల్లో ఉండి చదివాడు. పేరు చెప్పొద్దన్నాడు, మిగతాది చెప్పుకోమన్నాడు. మా వాళ్ళందరికీ తెలుసు. ముప్పై అయిదేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాడు. ఏ రీయూనియన్‌కూ రాలేదు. క్రితం ఏడు మేము సియాటిల్లో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు ఫోన్ చేసి, ఆర్.వి. ఒకటి అద్దెకు తీసుకున్నాను, శని ఆదివారాలు ఒలింపిక్ నేషనల్ పార్కుకు పోదాం రమ్మన్నాడు. ఆర్.వి. అంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, బాత్రూం అన్నీ అందులోనే. మన దగ్గర కారవాన్ అంటే సినిమావాళ్ళు షూటింగుల్లో కూర్చునేది గదా, అదే అక్కడ రిటైరైనవాళ్ళు నడుపుకుంటూ పోతారు.

ఆ బండి కన్నా నాకు నచ్చింది వాడు చేసిన ఏర్పాటు. పసిఫిక్ ఒడ్డున కలేలాక్ అనే చోట, గట్టు మీద, బండి నిలుపుకునే జాగా నెలల ముందే బుక్ చేశాడు. అక్కడ కరెంటు కనెక్షన్ ఉండదని తెలుసుకుని దానికి తగ్గట్టు సర్దాడు. మంచినీళ్ళకు ఒక ట్యాంకు, వాడిన నీళ్ళకు ఒకటి, బాత్రూంకు ఒకటి. ఏది ఎప్పుడు నింపాలో, ఎక్కడ ఖాళీ చెయ్యాలో కాగితం మీద రాసుకున్నాడు. ఆటుపోట్ల పట్టిక ప్రింటు తీసి అద్దం పక్కన అంటించాడు. పాటు సమయంలోనే ఇసకలోకి దిగాలి, పోటు మొదలవకముందే గట్టెక్కాలి అని మాకు క్లాసు పీకాడు. లెక్కల మాస్టారు వింటే సంతోషించేవారు. బళ్ళో ఉన్నప్పుడు హోంవర్కు ఒక్కరోజు చేసినవాడు కాదు.

ఆ తీరం పొడుగునా సునామీ వస్తే ఎటు పరుగెత్తాలో చూపించే బోర్డులుంటాయి. సాయంత్రం మేమంతా నీళ్ళదాకా వెళ్ళాం. వాడు దిగలేదు. గట్టు మీద, ఆ బోర్డు దగ్గరే నిలబడ్డాడు. నేను వెనక్కి ఎక్కి వెళ్ళేసరికి, "మా ఊళ్ళో ఇలాంటిది ఒక్కటి ఉంటే?" అన్నాడు.

1977 నవంబరు 19. ఆ రోజు శనివారం. పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లల కోసం చెబుతున్నాను. దివి ఉప్పెన వచ్చిన రోజు. సముద్రం తాటిచెట్టంత లేచి ఊళ్ళ మీద పడిందని చూసినవాళ్ళు చెప్పేవారు. కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో పల్లెలకు పల్లెలే తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. మేమప్పుడు బెజవాడలో ఇంటర్ రెండో సంవత్సరం. ఆ శనివారం పొద్దున వాడు సంచి సర్దుకుని అవనిగడ్డ బస్సుకు బయల్దేరాడు. ముసురు పట్టింది, రేపు సినిమాకు పోదాం, వచ్చే వారం వెళ్దువుగానిలే అని ఆపింది నేను. సంచి కూడా లాక్కున్నాను.

అమ్మ, నాన్న, ఇద్దరు చెల్లెళ్ళు. వీడు సహాయం లారీల్లో పడి వెళ్ళేసరికి ఇల్లు ఏ చోట ఉండేదో కూడా గుర్తుపట్టలేకపోయాడు. ఆ తరవాత వాడూ నేనూ ఎన్నిసార్లు కలిసినా ఆ పొద్దుటి మాట ఎత్తలేదు. వాడు ఎత్తుతాడేమోనని నాకు భయంగా ఉండేది. కలేలాక్ గట్టు మీద ఎత్తాడు. "నువ్వు ఆపకపోతే నేను ఉండేవాణ్ణి కాదురా. నువ్వు ఆపకపోతే చెల్లెళ్ళని ఏ చెట్టో ఎక్కించేవాణ్ణేమో కూడా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కాసేపాగి తనే, "ఆ శనివారం బస్సు ఎక్కించు. ఇప్పుడు" అన్నాడు.

అందుకని ఈసారి తొమ్మిదింటికి బయల్దేరేది లేదు.

మనకు సముద్రం ఒడ్డున నేషనల్ పార్కు లేదు. ఉన్నది కృష్ణా అభయారణ్యం. నది సముద్రంలో కలిసేచోట సుమారు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవి. చేపలు పట్టి తినే బావురు పిల్లి ఉండేది అక్కడే. ఇంత దగ్గర పుట్టి పెరిగి దాని పేరు నేను అరవై దాటాక విన్నాను. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ ఇసకలోకి వస్తాయి. కాబట్టి మన బండి ఇసక మీదికి వెళ్ళదు. రిటైర్డు ఇంజనీర్లు గమనించాలి. రాత్రి ఒడ్డున టార్చిలైట్లు, పాటలు ఉండవు. అడవి శాఖ అనుమతి, పడవ ముందుగా మాట్లాడుకోవాలి. ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ లేకపోతే పడవ ఎక్కం. మడ పాయల్లోకి పోటు మీద వెళ్ళాలి. పాటులో బురద తేలి పడవ ఆగిపోతుంది. ఒడ్డుకు మాత్రం పాటులో వెళ్ళాలి. పోటు సమయం రోజూ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది గనక తేదీ ఖాయమయ్యాక పట్టిక చూసి గంటలు వేస్తాను. పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎక్కువ. సప్తమి, అష్టమి ప్రాంతంలో పడే వారాంతం చూస్తున్నాను. మాఘ పౌర్ణమి స్నానాలకు వేలమంది వస్తారు, అది మనకొద్దు. వారం ముందునుంచి వాతావరణ శాఖ హెచ్చరికలు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే అలల సమాచారం రోజూ చూస్తాను. ఒక్క హెచ్చరిక ఉన్నా ప్రయాణం వాయిదా. అందులో బతిమాలుడు లేదు.

ఆర్.వి. మనకెక్కడ దొరుకుతుంది? పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్ చాలు. మోకాళ్ళ కోసం ఒక ఎత్తు పీట, ఎక్కడానికి. మడత టాయిలెట్టు, చిన్న గుడారం ఒకటి కొన్నాం. మగవాళ్ళు నవ్వారు, ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పక్క నీళ్ళు ఉప్పన, అందుకని ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు ఇక్కడినుంచే. షుగరు ఉన్నవాళ్ళు మందులు సూట్‌కేసులో కాదు, జేబులో పెట్టుకోవాలి. చెత్తంతా మూట కట్టి బెజవాడ తెస్తాం.

శనివారం అయిదున్నరకు స్కూలు గేటు దగ్గర. పులిహోర, దద్ధోజనం ఇళ్ళనుంచి. పామర్రు, చల్లపల్లి మీదుగా మోపిదేవి, అక్కడ దర్శనానికి అరగంట. పులిగడ్డ అక్విడక్టు దాటితే దివిసీమ. అవనిగడ్డ దగ్గర ఉప్పెన మృతుల పైలాన్ ఉంది. అక్కడ ఆగుతాం, ఎంతసేపని నేను రాయలేదు. మధ్యాహ్నం భోజనం నాగాయలంకలో. రొయ్యల వేపుడు తినేవాళ్ళు తినొచ్చు. తరవాత పడవ. రాత్రి పడక అవనిగడ్డలో. ఆదివారం చీకటితోనే పాలకాయతిప్ప, సముద్రంలోంచి సూర్యుడు లేచేవేళకు. సంగమం దగ్గర లాగుడు ఎక్కువ, మోకాలి లోతు దాటి ఎవరూ దిగకూడదు. మాస్టారూ, మీరు కూడా.

మావాడి షరతులు మూడు. దండలు వద్దు, ఉపన్యాసాలు వద్దు, తన ఫొటో తీయొద్దు. వాళ్ళ ఊరు చోటుకు వెళ్ళాలా వద్దా అన్నది ఆ పొద్దున తేల్చుకుంటానన్నాడు. అందుకే ఆదివారం రెండు గంటలు ఖాళీగా వదిలాను. ఆ రెండు గంటల్లో ఏం చేద్దామని ఎవరూ అడగొద్దు. వాడు వ్యాన్లోనే కూర్చుంటానంటే మనమూ కూర్చుందాం.

ట్రాక్టరు కుర్రాడి ఫోన్ నంబరు సంపాదించాను. ఈసారి టిఫిను మనతోనే. బండిలో డ్రైవరు వెనక కిటికీ సీటు బుక్కయింది. దాని పక్కది నాది. మిగతావాటికి పేర్లు టీ విరామంలో ఇవ్వండి.