చంద్రుడి మీది ఇంధనం: ఒక ఇంజనీరు లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి పిల్లలు నన్ను అడుగుతున్నది ఒకటే: "చంద్రుడి మీద హీలియం-3 ఉందట కదా, తెచ్చుకుంటే కరెంటు కొరతే ఉండదట కదా?" ఉందన్నది నిజం. తెచ్చుకోవడం దగ్గరే లెక్క చూడాలి.

సౌర పవనంలో ఈ వాయువు స్వల్పంగా ఉంటుంది. భూమికి అయస్కాంత క్షేత్రం, వాతావరణం అడ్డున్నాయి. చంద్రుడికి ఆ రక్షణ లేదు కనుక కోట్ల ఏళ్లుగా అక్కడి మట్టిలో ఇంకింది. అపోలో యాత్రికులు తెచ్చిన మట్టిలో కనిపించింది. దీన్ని డ్యుటీరియంతో సంలీనం చేస్తే న్యూట్రాన్లు తక్కువ వెలువడతాయి, రియాక్టరు గోడలు అంతగా దెబ్బతినవు. అందుకే ఇంత ఆశ. 1986లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చంద్రుడి మీద సుమారు 10 లక్షల టన్నులు ఉండవచ్చని అంచనా వేశారు.

కానీ అది ఎంత పలచగా ఉందో చూడండి. మంచి చోట కూడా వంద కోట్ల పాళ్ల మట్టిలో 10 పాళ్లనుకుందాం. అప్పుడు కిలో వాయువుకు లక్ష టన్నుల మట్టి తవ్వి, 700 డిగ్రీల దాకా వేడి చేయాలి. వెయ్యి మెగావాట్ల కేంద్రానికి ఏడాదికి దాదాపు 100 కిలోలు, అంటే కోటి టన్నుల మట్టి! అంతే కేంద్రంలో మనం కాల్చే బొగ్గు ఏడాదికి 50 లక్షల టన్నులకు అటూ ఇటూ. టన్నుకు టన్ను చూస్తే చంద్రుడి మట్టి మన సింగరేణి బొగ్గు కంటే పేద ఇంధనం. మట్టి అక్కడే వదిలేయవచ్చు, నిజమే. తవ్వే యంత్రాలను మాత్రం ఇక్కడి నుంచే మోసుకెళ్లాలి.

రెండో చిక్కు పొయ్యిది. డ్యుటీరియం, ట్రిటియం కలవడానికే 15 కోట్ల డిగ్రీల వేడి కావాలి. హీలియం-3కి అంతకు కొన్ని రెట్లు. సులువైన మొదటి పద్ధతిలోనే ఇంకా ఏ కేంద్రమూ గ్రిడ్‌కు కరెంటు ఇవ్వలేదు. పొయ్యి కట్టకుండా కట్టెలకు అడవికి బయల్దేరినట్టుంది.

అలాగని హీలియం-3 పనికిరానిది కాదు. క్వాంటమ్ కంప్యూటర్లను చల్లబరచడానికి, న్యూట్రాన్లను కనిపెట్టే పరికరాలకు అది ఇప్పుడే కావాలి. చంద్రుడి సరుకుకు తొలి గిరాకీ వస్తే అక్కడే వస్తుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లవద్దు, ఈ లెక్కను బోర్డు మీద వాళ్లచేతే చేయించండి. ఇందులో ఘాతాంకాలు, భాగహారం తప్ప ఏమీ లేవు. 10 పాళ్ల బదులు 20 వేస్తే ఏమవుతుందో వాళ్లే చూస్తారు. ముందు కావలసింది పొయ్యి అని వాళ్లకే తడుతుంది. దాన్ని కట్టే చదువు వైపు ఒక్కరు వెళ్లినా మన బడికి అంతకంటే ఏం కావాలి?