గుండెకు దారి చూపిన మూత్రవైద్యుడు

మన చుట్టములలో ఎవరికో ఒకరికి ఆంజియోగ్రాం తీసినారని వినని ఇల్లు నేడు అరుదు. సన్నని గొట్టమును రక్తనాళము వెంట గుండెదాకా నడిపించు ఆ పరీక్షకు తొలిబాట వేసిన వ్యక్తి హృద్రోగవైద్యుడు కాడు. మూత్రకోశవ్యాధుల వైద్యుడుగా పెక్కేండ్లు గడిపినవాడు. ఆయన పేరు వెర్నర్ ఫోర్స్‌మన్.

1904లో బెర్లినులో, ఒక న్యాయవాది ఇంట జన్మించినారు. మొదటి ప్రపంచయుద్ధము తండ్రిని పొట్టన పెట్టుకొన్నది. బెర్లిను విశ్వవిద్యాలయమున వైద్యము చదివి, 1929లో ఎబర్స్‌వాల్డె అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో శస్త్రచికిత్స నేర్చుకొనుటకు చేరినారు. బ్రదికియున్న మనిషి గుండెను తాకుట ప్రాణాపాయమని నాటి వైద్యలోకపు నమ్మకము. అయితే, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గుఱ్ఱము మెడలోని సిర గుండా గుండెలోనికి గొట్టము పంపిన చిత్రమొకటి ఈ యువకుని మనస్సున నాటుకొని యున్నది. పైవైద్యుని అనుమతి కోరగా ఆయన ససేమిరా అన్నారు.

శుద్ధిచేసిన పరికరములు నర్సు గెర్డా డిట్జెన్ అధీనమున ఉండెను. ఆమె ఒప్పుకొన్నది కాని, ప్రయోగము తనపైననే చేయవలెనని పట్టుపట్టినది. సరేనని ఆమెను బల్లకు కట్టి, ఆమె గమనింపకుండ తన ఎడమ మోచేతి సిరనే కోసి, 65 సెంటీమీటర్ల గొట్టమును లోనికి నడిపించినారు. గుండెకని వేరే గొట్టములు లేని రోజులవి. ఆయన చేతికందినది మూత్రనాళమునకు వాడునదే! పిమ్మట ఆమె కట్లు విప్పి, గొట్టము చేతిలో ఉండగనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడచినారు. ఆమె అద్దము పట్టగా తెరపై చూచుకొనుచు, గొట్టపు కొనను గుండె కుడిభాగమునకు చేర్చి చిత్రము తీయించినారు. అప్పటికాయనకు దాదాపు 25 ఏండ్లు.

ఆ సంగతి ప్రకటించిన పిదప దక్కినది మెప్పు కాదు. బెర్లినులోని ప్రసిద్ధ చారిటే వైద్యశాలలో నిలువ నీడ దొరకలేదు. చివరకు మూత్రవైద్యము నభ్యసించినారు. 1933లో పెండ్లాడిన ఎల్స్‌బెట్ కూడ ఆ శాఖ వైద్యురాలే. ఆ దంపతులకు ఆరుగురు బిడ్డలు. 1932లోనే ఆయన నాజీ పక్షమున చేరిన మాటయు చెప్పవలెను. ఆ మచ్చను దాచి కీర్తించుట నాకిష్టము లేదు. యుద్ధకాలమున సైనికవైద్యుడై, అమెరికనులకు బందీగా చిక్కినారు. విడుదలైన తరువాత కొంతకాలము కట్టెలు కొట్టి, పల్లెవైద్యము చేసి పొట్టపోసికొన్నారు.

ఈలోగా న్యూయార్కులో కూర్నాండ్, రిచర్డ్స్ అను వైద్యులు ఆ మార్గమునే చేపట్టి, గుండె పరీక్షగా తీర్చిదిద్దినారు. 1956లో నోబెల్ బహుమతి ముగ్గురకును కలిపి వచ్చినది. ఆ వార్త అందునాటికి ఫోర్స్‌మన్, బాడ్ క్రొయిజ్‌నాఖ్ అను ఊరిలో, మూత్రవ్యాధుల రోగులను చూచుకొనుచుండిరి.