సాయంత్రం ఐదింటికి వచ్చిన కూలీలు

(స్వర్ణోత్సవ కృతజ్ఞతా కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథ మనం బడి ప్రార్థనలో చాలాసార్లు విన్నదే. యజమాని తెల్లవారగానే కొందరిని రోజుకు ఒక దేనారానికి మాట్లాడుకున్నాడు. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి మళ్లీ వెళ్లి ఇంకొందరిని పిలిచాడు. ఐదింటికి కూడా సంతవీధిలో కొందరు నిలబడే ఉన్నారు. సోమరులని కాదు, వాళ్లను ఎవరూ పనికి పిలవలేదు. పొద్దుగూకాక అందరికీ దేనారమే ఇప్పించాడు. ఆ రోజుల్లో అది ఒక దినకూలి.

నన్ను పట్టుకున్నది ఆ చెల్లింపు వరుస. చివరివారికి ముందు ఇమ్మన్నాడు. పొద్దున వచ్చినవారికే ముందిచ్చి పంపేస్తే సంతోషంగా ఇంటికి పోయేవారు, గొడవే లేదు. వాళ్ల ఫిర్యాదు కూడా చూడండి. కూలి తగ్గిందని కాదు, వీళ్లను మాతో సమానం చేశావని! యజమాని జవాబులో గ్రీకు మూలం ‘చెడ్డ కన్ను’ అంటే, మన తెలుగు బైబిలు ‘కడుపుమంట’ అంది. అనువాదకులు మనల్ని బాగా ఎరిగినవారే.

అగస్టీను ఈ గంటలను రెండు రకాలుగా లెక్కపెట్టాడు. హేబెలు, నోవహుల నుంచి క్రైస్తవుల దాకా గడిచిన యుగాలు ఒకటి, పసితనం నుంచి ముసలితనం దాకా వయసులు రెండోది. అలాగని చివరి గంట దాకా ఆగుదాంలే అనుకోవద్దన్నాడు. అప్పటిదాకా ఉంటామన్న హామీ ఎవరికుంది? క్రిసోస్తము సణుగుడు దగ్గర ఆగాడు. పరలోకంలో అసూయపడేవారు ఉండరనీ, చివరివారికి దక్కిన ఘనత అసూయ పుట్టించేంత గొప్పదని చెప్పడానికే ఆ సణుగుడు కథలో ఉందనీ అన్నాడు. వివరణ అందంగానే ఉంది గాని, సణిగినవాణ్ణి మరీ తేలిగ్గా వదిలేసినట్టు నాకు తోస్తుంది. జాన్ రస్కిన్ 1860లో ఆర్థిక విషయాలపై రాసిన వ్యాసాలకు పేరు ఈ కథలోంచే తీసుకున్నాడు. 1904లో గాంధీగారిని రైలు ప్రయాణంలో కుదిపేసిన పుస్తకం అదే.

నేను ఈ కథ ఎందుకు ఎంచుకున్నానో చెప్పేస్తాను. సంచికలో దాతల పేర్లు, మొత్తాలు వేయకుండా, అక్షరక్రమంలో వేద్దామని కమిటీలో అన్నప్పుడు అడ్డుపడింది నేనే. ఏళ్ల తరబడి ఎండలో తిరిగి చందాలు పోగుచేసినవాళ్లూ, మొన్న వాట్సాప్ గ్రూపులో చేరి ఫోన్‌లో డబ్బు పంపినవాళ్లూ ఒకే వరుసలోనా అని గట్టిగానే అడిగాను. ఇంటికెళ్లి బైబిలు తెరిస్తే, ఆ కూలీలూ ఎండ సంగతే ఎత్తారు.

మర్నాడు ఆ కొత్తవాళ్లలో ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, మేం రాకూడదని కాదు. ఇన్నేళ్లూ మమ్మల్ని ఎవరూ పిలవలేదన్నా” అన్నాడు.

సంఘం చిరునామాల పుస్తకం మొదటి నుంచీ నా దగ్గరే ఉంది.

పేర్లు అక్షరక్రమంలోనే అచ్చవుతున్నాయి. మా ఇంటిపేరు ‘స’తో మొదలవుతుంది. చివరి పేజీలో వెతకండి.