టెండరు పడకముందే మన మాట పడాలి

(ఆదివాసీ యువత శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా ఇస్తున్నాం.)

 

పొద్దున్నుంచి పోడు, పీసా, 1/70 మీద మాట్లాడుకున్నాం. ఇప్పుడు నాకిచ్చిన అంశం చూసి వెనక కూర్చున్నవాళ్లు కొందరు నవ్వుకున్నారు, చూశాను. కంప్యూటర్ టెండర్లు! అది కాంట్రాక్టర్ల గొడవ కదా, మనకెందుకు అని. రోడ్డు టెండరైతే మనకు తెలుసు. కంకర తక్కువేస్తే కంటికి కనపడుతుంది, మొదటి వానకే తేలిపోతుంది. కంప్యూటర్ టెండరులో ఏం తక్కువేశారో కనపడదు. మీ అమ్మ పేరు మీద పట్టా కోసం పోయినరోజు కౌంటర్‌లో పిల్లగాడు "సిస్టమ్ తీసుకుంటలేదు" అంటాడు చూడండి, ఆ రోజు తెలుస్తుంది. అప్పుడు అధికారిని అడిగితే చేతులెత్తేస్తాడు. నిజంగానే ఆయన చేతిలో ఉండదు. అది ఎప్పుడో, ఎక్కడో, ఒక ఏసీ గదిలో తేలిపోయిన సంగతి.

ఆ గదిలో ఏం జరుగుతుందో ముందు చెప్తాను.

ప్రభుత్వం ఒక డేటా పనిని బయటికి ఇవ్వాలనుకుంటుంది. పాత ఫైళ్లు స్కాన్ చేయడం, యాప్ తయారు చేయడం, మ్యాపులు గీయడం, సర్వర్ నడపడం, ఇట్లాంటివి. శాఖకు ఏం కావాలో చాలాసార్లు శాఖకే సరిగా తెలియదు. ఒక కన్సల్టెంటును పెట్టుకుంటుంది. కంపెనీలను పిలుస్తుంది, మీ దగ్గర ఏముంది, ఎంతవుతుంది, ఎన్ని నెలలు పడుతుంది అని అడుగుతుంది. దీన్ని ఆర్‌ఎఫ్‌ఐ అంటారు, సమాచారం ఇమ్మని అడగడం. కొన్నిసార్లు ఈఓఐ అంటారు, ఆసక్తి ఉన్నవాళ్లు ముందుకు రమ్మనడం. తర్వాత ఆర్‌ఎఫ్‌పీ అనే పెద్ద పత్రం వస్తుంది. దాని మీద ప్రీ-బిడ్ మీటింగ్ పెడతారు. కంపెనీలు ఫలానా పేజీ, ఫలానా క్లాజు, మా సందేహం ఇది అని రాసిస్తాయి. శాఖ జవాబులిస్తుంది, కొన్ని షరతులు మారుస్తుంది. ఆ మార్పుల కాగితాన్ని కొరిజెండం అంటారు. ఆ తర్వాతే రేట్లు వేస్తారు.

కంపెనీలను ముందుగా పిలవడం తప్పని నేను అనను. పిలవకుండా గుడ్డిగా టెండరేస్తే ఇంకా నష్టం. అసలు మార్కెట్లో లేనిది రాసిపెడతారు, లేదా పదేళ్ల కిందటి సరుకు కొంటారు. నా గొడవ వేరే. ఆ గదిలో అమ్మేవాళ్లు ఉంటారు, కొనేవాళ్లు ఉంటారు. ఎవరి బతుకు ఆ డేటాలో ఉందో వాళ్లు ఉండరు. కంపెనీ అడిగే సందేహాలు ఏముంటాయి? డబ్బు ఎన్ని విడతల్లో ఇస్తారు, జరిమానా తగ్గిస్తారా, టర్నోవర్ షరతు సడలిస్తారా. దాని వ్యాపారం దానిది, తప్పు పట్టలేం. కానీ చెంచు పెంటలో సిగ్నల్ లేకపోతే ఏంటి అని ఆ కాగితంలో ఎవరు రాస్తారు?

అటవీ హక్కుల చట్టం, 2006 తీసుకుందాం. కేంద్రం 2024 అక్టోబరులో ధర్తీ ఆబా పథకం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ రికార్డుల డిజిటైజేషన్ మాట ఇంకా గట్టిగా వినపడుతోంది. చట్టం ఏమంటుంది, సాఫ్ట్‌వేర్‌లోకి ఏమొస్తుంది, పక్కపక్కన పెట్టి చూడండి.

సెక్షన్ 4(4) ప్రకారం పెళ్లయినవాళ్లకు హక్కు భార్యాభర్తలిద్దరి పేరునా నమోదవ్వాలి. ఫారంలో "పట్టాదారు పేరు" అని ఒక్క గడి, కింద "తండ్రి/భర్త పేరు" అని ఇంకో గడి పెడితే? చట్టం ఆడబిడ్డకు ఇచ్చిన సగాన్ని ఒక గడి తినేసింది. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. ఆ ప్రోగ్రామర్ మైదాన ప్రాంతపు పాస్‌బుక్కు చూసి గీశాడంతే. అదే సెక్షన్ ఆ భూమి వారసత్వంగా వస్తుంది, అమ్ముకోవడానికి లేదు అంటుంది. మైదానం సాఫ్ట్‌వేర్ తెచ్చి ఇక్కడ పెడితే అందులో అమ్మకం బటన్ కూడా వెంట వస్తుంది. 

ఇక పేర్లు. మాడవి, మడావి, మడవి. మనకు ఒకే ఇంటిపేరు, కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. ఆత్రం, అత్రం కూడా అంతే. ఆధార్‌లో ఒక తీరు, ఎఫ్ఆర్సీ రిజిస్టర్‌లో ఒక తీరు, బ్యాంకులో ఇంకో తీరు. అక్షరం అక్షరం కలిస్తేనే తీసుకునేట్టు కట్టిన సిస్టమ్, మన మనిషిని మనిషి కాదంటుంది. "పేర్లలో తేడా ఉంటే గ్రామసభ ధ్రువీకరణతో సరిచేసే వీలు ఉండాలి" అని ఆర్‌ఎఫ్‌పీలో ఒక్క వాక్యం ఉంటే కంపెనీ ఆ పని చేసే ఇస్తుంది, దాని రేటులో కలుపుకుంటుంది. సంతకాలయ్యాక అదే వాక్యం అడిగితే దాన్ని చేంజ్ రిక్వెస్ట్ అంటారు. దానికి వేరే డబ్బు, వేరే ఫైలు, వేరే ఏడాది. ముందు మాట్లాడాలి అని నేను మొత్తుకునేది ఇందుకే.

తిరస్కరణ సంగతి అన్నిటికంటే ముఖ్యం. దావా తోసేస్తే కారణం చెప్పాలి, 60 రోజుల్లో పైకి అప్పీలు చేసుకునే హక్కు ఉంది. తెలంగాణలో 2021 చివర్లో పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు 4 లక్షలకు పైగా వచ్చాయి. 2023 జూన్ 30 నుంచి పట్టాలు పంచితే సుమారు లక్షన్నర మందికి అందాయి. మిగతావాళ్ల సంగతేంటని మీ ఊళ్లో అడగండి. "ఆన్‌లైన్‌లో లేదంట" అనేదే జవాబు. అది కారణం కాదు కదా! మనం అడగాల్సింది ఇది: కారణం రాయకుండా "రిజెక్ట్" నొక్కితే సిస్టమ్ ముందుకు పోకూడదు. ఆ కారణం గ్రామసభకు తెలుగులో ముద్రించి చేరాలి. చేరిన తేదీ నుంచే 60 రోజులు లెక్క. ఇది ప్రోగ్రామర్‌కు కష్టమైన పని కాదు. అడిగేవాళ్లు లేక జరగని పని.

ఈ లెక్కలు ఎంత దూరం పోతాయో 2019లో చూశాం. ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దావాలు తిరస్కరించినవాళ్లను ఖాళీ చేయించమంది. రాష్ట్రాలు అఫిడవిట్లలో ఇచ్చిన అంకెలు కలిపితే 10 లక్షలకు పైగా దావాలు. సరిగ్గా పదిహేను రోజులకు, 28న, ఆ ఆదేశాన్ని నిలిపేసి, అసలు ఎట్లా తిరస్కరించారో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. టేబుల్‌లో ఒక కాలం, అందులో ఒక అంకె, దాని కింద లక్షల కుటుంబాల గుడిసెలు. ఉపగ్రహ చిత్రాల కథ కూడా అంతే. గుజరాత్‌లో వాటిని చూపించి దావాలు తోసేస్తే, 2013లో హైకోర్టు వాటి మీదే ఆధారపడటం కుదరదంది. 2012లో సవరించిన నియమాలు కూడా టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడుగానే ఉండాలి, వాటి స్థానంలోకి రాకూడదంటాయి. పెద్దమనిషి సాక్ష్యం, దేవర గద్దె, పాత సమాధులు, ఇవన్నీ సాక్ష్యాలే. మరి మ్యాపు అప్‌లోడ్ చేయడానికి బటన్ ఉండి, పెద్దమనిషి వాంగ్మూలానికి బటన్ లేకపోతే?

ధరణిని కూడా ఒక్క నిమిషం గుర్తు చేసుకోండి. 2020 అక్టోబరులో వచ్చింది. తప్పు పడితే దిద్దే దారి మొదట్లో సరిగా లేదు, తర్వాత ఒక్కో తప్పుకు ఒక్కో మాడ్యూల్ తగిలిస్తూ పోయారు. టీఎం-33 అంటే రైతులు ఉలిక్కిపడేదాకా వచ్చింది. ప్రైవేటు సంస్థ చేతిలో ఉన్న నిర్వహణను 2024 చివర్లో ఎన్ఐసీకి మార్చారు, 2025లో భూభారతి తెచ్చారు. ఎన్నికల్లో ఓట్లడిగే అంశమైంది ఒక సాఫ్ట్‌వేర్! దిద్దుబాటు దారి గురించి టెండరు ముందే రైతును అడిగి ఉంటే ఈ కథలో సగం ఉండేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు మన సంఘాల్లో నడుస్తున్న గొడవకు వస్తాను. కంపెనీవాళ్లతో మనం మాట్లాడొచ్చా? కొందరు అన్నలు అస్సలు వద్దంటారు. మాట్లాడితే, "ఆదివాసీలను సంప్రదించాం" అని వాళ్ల స్లైడ్‌లో మన ఫొటో పెట్టుకుంటారని. ఆ భయం ఉత్తది కాదు. రెండు ఎన్జీవోలను పిలిచి టీ తాగించి, దాన్ని గ్రామసభ సమ్మతి అని రాసుకునే అలవాటు ఈ దేశంలో ఉంది. గ్రామసభ అంటే అటవీ హక్కుల నియమాల ప్రకారం సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. నేను పోయి మీటింగ్‌లో కూర్చుంటే అది గ్రామసభ కాదు. మీలో ఎవరు పోయినా కాదు.

అయినా పోవాలనే అంటాను. మనం పోకపోతే మన గురించి వాళ్లకు చెప్పేది కన్సల్టెంటు ఒక్కడే. కానీ పోయే తీరు ఉంది. చాటుగా ఎవరినీ కలవొద్దు. ఎంఓయూలు వద్దు, ట్యాబులు, టీషర్టులు అస్సలు వద్దు. ఊరి జాబితా, ఫోన్ నంబర్లు, జీపీఎస్ పాయింట్లు "శాంపిల్ కోసం" అడుగుతారు, ఇవ్వొద్దు. మాట్లాడింది మొత్తం కాగితం మీద పెట్టి గ్రామసభలో చదివి వినిపించాలి. శాఖను కూడా అదే అడగాలి: ఏ కంపెనీని ఎప్పుడు కలిశారు, ఏం మాట్లాడారు, మినిట్స్ బయట పెట్టండి అని. ఎందుకంటే చాటు మీటింగుల్లో పుట్టిన షరతులు ఒక్క కంపెనీ కొలతకు కుట్టిన చొక్కా లాగా ఉంటాయి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(సి) ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాల వివరాలను అడక్కుండానే వెల్లడించమంటుంది. కంపెనీ వ్యాపార రహస్యమని 8(1)(డి) చూపిస్తారు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే క్లాజులో ఉంది, పూర్తిగా చదివి వినిపించండి.

ఒకరు అడిగారు, 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, అది కాపాడదా అని. అందులో సెక్షన్ 7 చూడండి. పథకాలు, సర్టిఫికెట్లు, లైసెన్సుల్లాంటి వాటి కోసం ప్రభుత్వం మన సమాచారం వాడుకోవడానికి ప్రతిసారీ మన సమ్మతి అడగక్కర్లేదు. అందుకే కాంట్రాక్టులో ఏం రాస్తారన్నదే మనకు అడ్డుకట్ట. డేటా ఎవరిది, వేరే పనికి వాడొచ్చా, గనుల శాఖకు మ్యాపు పోతుందా, కాంట్రాక్టు అయిపోయాక కంపెనీ దగ్గర కాపీ మిగులుతుందా. కెనడాలో ఫస్ట్ నేషన్స్ ప్రజలు 1998లోనే తమ డేటా మీద యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం నాలుగూ తమవేనని సూత్రం పెట్టుకున్నారు. మనకు ఆ మాట కొత్తగా అనిపించొచ్చు గానీ, "మా ఊళ్లో మా రాజ్యం" అన్నవాళ్లకు ఊరి లెక్క ఊరిదే అనడం కష్టమేం కాదు.

ఇంకో చిన్న సంగతి. ఇట్లాంటి కాంట్రాక్టుల్లో ఎస్ఎల్ఏ అని ఉంటుంది, సేవ సరిగా లేకపోతే కోత. సర్వర్ ఎన్ని గంటలు నడిచిందో కొలుస్తారు. సర్వర్ రోజంతా నడుస్తూ రోజంతా తప్పు పేరు చూపించినా దానికి కోత లేదు! తప్పు దిద్దడానికి ఎన్ని రోజులు పట్టింది, నెట్ లేని ఊళ్లో పని జరిగిందా అని కొలవమనండి. డబ్బు దేనికి కోస్తారో దాన్నే కంపెనీ శ్రద్ధగా చూస్తుంది.

పని విషయం చెప్పి ముగిస్తాను. రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండర్లు అందరికీ కనపడతాయి. గిరిజన సంక్షేమం, అటవీ, రెవెన్యూ, ఈ మూడు శాఖలవి వారానికోసారి చూడాలి. ఆర్‌ఎఫ్‌పీలో ప్రీ-బిడ్ తేదీ, సందేహాలు పంపే చివరి తేదీ ఉంటాయి. బిడ్డర్లవే తీసుకుంటాం అంటారు, అయినా అదే నమూనాలో, పేజీ నంబరు, క్లాజు నంబరు వేసి, ఐటీడీఏ పీవో ద్వారా ఒకటి, శాఖ కార్యదర్శికి ఒకటి పంపండి, రసీదు తీసుకోండి. గోండి, కోయ, కొలామీ, సవర మాట్లాడేవాళ్లు ఫారంలోని ప్రతి గడినీ మీ ఇంట్లో పెద్దవాళ్లకు మీ భాషలో చదివి చూడండి. ఎక్కడ అర్థం కాక ఆగిపోతారో అక్కడే మన సందేహం రాయాలి.

మండలానికి ఇద్దరు కావాలి. ఒకరు తప్పకుండా అమ్మాయి ఉండాలి. పేర్లు, ఏ రోజు పోర్టల్ చూస్తారో ఆ రోజుతో సహా, భోజనాలకు లేచేముందు ఈ రిజిస్టర్‌లో రాయించండి. ఇంటిపేరు మీరు ఎట్లా పలుకుతారో అట్లాగే రాయండి.