మూడూళ్ళ పిల్లలు, ఒకే ప్రోగ్రాము
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మా ఉర్దూ బడి పిల్లలు ఇంజనీరింగు దాకా వెళ్తున్నందుకు మాకెంతో సంతోషం. అయితే ఒక సంగతి మీ దృష్టికి తేదలచాము. కాలేజీలో ప్రాజెక్టుకు నలుగుర్ని జట్టు చేస్తారు. తరచు ఒకడు రాస్తాడు, ముగ్గురు సంతకం పెడతారు. కంపెనీలో ఇది సాగదు. అక్కడ ఒకరు బెంగళూరులో, ఒకరు హైదరాబాదులో, మరొకరు అమెరికాలో కూర్చుని ఒకే ప్రోగ్రాము రాస్తారు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలెట్టిన లినక్సు అలా పెరిగిందే. ఆ పని కోసమే ఆయన 2005లో 'గిట్' తయారుచేశారు. ఎవరు, ఎప్పుడు, ఏ వరస మార్చారో అందులో నమోదవుతుంది.

రాయదుర్గం జీన్సు పని మనకు తెలియనిదా? కత్తిరించేది ఒకచోట, కుట్టేది ఇంకోచోట. కొలత సరిగా రాసివ్వకుంటే కాలు కాలికి అతకదు.

మన పిల్లలకు నోరు విప్పడమే కష్టం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. "ఇది నాకర్థం కాలేదు" అని తోటివాడికి రాయడం నామోషీ అనుకుంటారు. ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే అష్షూరా, అనగా సంప్రదింపు అని చెబుతుంటాము. ఊరు దాటి వెళ్ళలేని ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం. 2020లో కరోనా నాడు ఇంటినుంచే ఉద్యోగాలు చేయడం చూశాము గదా!

మా మనవి ఏమంటే, గుమ్మఘట్ట, రాయదుర్గం, అనంతపురం పిల్లల్ని ఊరికొకరుగా జట్టు కట్టి, సొసైటీ స్కాలర్‌షిప్పుల లెక్కల ప్రోగ్రాము వాళ్ళ చేతే రాయించాలి. ఒకరు రాసింది మరొకరు చదివి సరేననందే కలపకూడదు. వారంవారం కూర్చుని చూసే పని మేము చేస్తాము. కంప్యూటర్లు, నెట్టు ఖర్చు మాత్రం సొసైటీ భరించాలి.