పట్టి ఉంచే పోగులు

ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న విశాఖలో బలం అనగానే క్రేన్లు, కొలుములు గుర్తుకొస్తాయి. నేను మాత్రం ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు గురించి మాట్లాడతాను. బలమంటే లాగే శక్తే అనుకుంటాం. లాగినప్పుడు చెదరకుండా పట్టి ఉంచేది లేకపోతే ఆ శక్తే కొంప ముంచుతుందని ఈ పురుగు కండరం రుజువు చేసింది.

జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ 1974లో సి. ఎలిగాన్స్ అనే ఈ మట్టి నులిపురుగులో సరిగా కదలలేని రకాలెన్నిటినో ఏరి, వాటి జన్యువుల వివరాలు ప్రచురించారు. దాని ఒళ్లు పొడవునా నాలుగు వరసల్లో 95 కండర కణాలుంటాయి. పాడైతే వాటి చోట కొత్తవి పుట్టవు. కణంలో మయోసిన్ పోగులు యాక్టిన్ పోగులను లాగితే కండరం బిగుస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే యాక్టిన్ మగ్గం మీది పడుగులా చారలు తీరి ఉంటుంది. యాక్టిన్‌ను కట్ట కట్టే అంక్‌-87 అనే ప్రోటీన్ లోపిస్తే ఆ పడుగు చెదిరి ముద్దలు కడుతుంది. అసలు నేతే కుదరలేదా, నేసింది చిరిగిందా? అదే పురుగులో మయోసిన్ జన్యువును కూడా మార్చి లాగుడు తగ్గిస్తే, అమరిక చాలావరకు నిలిచింది. అంటే కండరం తన బిగువుకు తానే చిరిగిపోతోందన్నమాట. ఇంత సూటిగా జవాబిచ్చే ప్రయోగాలు జీవశాస్త్రంలో అరుదు.

అయితే ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచిదా అని అడగొచ్చు. కాదు. శ్లాబులో వేసిన ఇనప ఊచ వేసినచోటే ఉంటుంది. యాక్టిన్ పోగు అలా కాదు, తెగుతూ మళ్లీ అల్లుకుంటూ ఉంటుంది. దాన్ని తెంపే కాఫిలిన్ అనే ప్రోటీన్ లోపించిన పురుగులోనూ యాక్టిన్ గుట్టలు పడి, కదలిక మందగిస్తుంది. పట్టేదీ తెంపేదీ ఒకే పోగు కోసం పోటీ పడితేనే అమరిక నిలుస్తుంది. పురుగుతో మనకేం పని అన్నది రెండో అభ్యంతరం. మనిషి కండరంలోని కాఫిలిన్ జన్యువు దెబ్బతింటే బిడ్డ పుట్టుకతోనే కండరాల బలహీనతతో బాధపడొచ్చు. దానిని నెమలిన్ మయోపతి అంటారు. ఆ బిడ్డను ఎత్తుకున్న తల్లి ముందు ఈ ప్రశ్న నిలవదు.

కండరాన్నీ పురుగులనూ శోధించే ఈ దారి తెలుగువారికి కొత్తదీ కాదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సహ పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వెలుగులోకి తెచ్చారు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన బృందమే బోదకాలు తెచ్చే పురుగుకు మందు కనిపెట్టింది. ఇక మన విశాఖలోని వాల్తేరు తీరపు ఇసుక రేణువుల మధ్య బతికే జీవుల మీద శాస్త్రవేత్తలు పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖర రావు 1962లోనే పరిశోధన ప్రచురించారు. అలాంటి తడి ఇసుకలో నులిపురుగులకు కొదవ లేదు. అల వచ్చి ఇసుకను కుదిపి వెళ్లినా, రేణువుల సందుల్లో అవి మెలికలు తిరుగుతూ ముందుకు సాగేది ఈ పోగుల మీదే.